సంతానం సాధించిన విజయాలు: చెప్పుకోవడమా, దాచుకోవడమా?

  

 అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా మొదట మాకు మేము, తరువాత మీకు ఉపదేశిస్తున్నాము.

ఇంటర్, పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజులివి. ప్రతి సంవత్సరం మాదిరిగానే ఈ వారం కూడా మసీదులోని మా గది బల్లపైకి కొన్ని చీటీలు చేరాయి. మొత్తం పదకొండు. మా అబ్బాయికి ఇన్ని మార్కులు వచ్చాయి, మా మనుమరాలికి ఇంత ర్యాంకు వచ్చింది, జుమా నాడు మైకులో ప్రకటించి దుఆ చేయించండి అన్నది వాటి సారాంశం. దుఆ కోరడం శుభకరమైన విషయం. ఆ పదకొండు మంది బిడ్డల కోసం మేము తప్పక దుఆ చేస్తాము. అయితే ఆ పేర్లను, మార్కులను ఈ రోజు చదవబోవడం లేదు. ఇందువల్ల కొందరికి మనస్తాపం కలుగవచ్చు. కాబట్టి ఎందుకు చదవడం లేదో వివరించవలసిన బాధ్యత మాపై ఉన్నది. నేటి ప్రసంగాంశం అదే: తల్లిదండ్రులు తమ సంతానం సాధించిన దానిని నలుగురిలో చెప్పుకోవచ్చునా?

సోదరులారా! ఈ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడానికి వీలులేదు. ఎందుకంటే దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో ఒకే వంశానికి చెందిన ఇద్దరు తండ్రులను మన ముందు నిలబెట్టింది. వారిద్దరూ దైవప్రవక్తలే. వారిలో ఒకరు తమ సంతానాన్ని గురించి బహిరంగంగా చెప్పుకున్నారు. మరొకరు తమ బిడ్డకు కలిగిన శుభాన్ని దాచి ఉంచమన్నారు.

మొదటివారు హజ్రత్ ఇబ్రాహీం (అ). వృద్ధాప్యంలో తమకు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ అనే కుమారులను ప్రసాదించినందుకు వారు అల్లాహ్‌ను స్తుతించారు. ఇబ్రాహీం సూరా 39వ ఆయతులో ఈ ప్రస్తావన ఉన్నది. కొడుకుల పేర్లు చెప్పారు, సంతోషాన్ని చెప్పారు, తమ వయస్సునూ చెప్పారు. ఆ మాటలు ప్రళయం వరకు చదువబడే గ్రంథంలో స్థానం పొందాయి. అంతకంటే బహిరంగమైన ప్రకటన ఏముంటుంది? అయితే ఆ ప్రకటన ఏ మాటతో మొదలయిందో గమనించండి. అది అల్లాహ్ స్తోత్రంతో మొదలయింది, ప్రభువు తన దాసుని మొర ఆలకించేవాడన్న ఒప్పుకోలుతో ముగిసింది. నడుమనే కొడుకుల పేర్లు ఉన్నాయి.

రెండవవారు ఆయన మనుమడు హజ్రత్ యాఖూబ్ (అ). బాలుడైన యూసుఫ్ (అ) పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాష్టాంగపడుతున్నట్లు కలగన్నానని తండ్రికి చెప్పారు. తన బిడ్డ ఎంతటివాడు కానున్నాడో ఆ తండ్రికి అప్పుడే బోధపడింది. అయినా ఊరంతా చాటలేదు. ఈ కలను నీ అన్నలకు చెప్పకు, వారు నీపై కుట్ర పన్నగలరు అని హెచ్చరించారు. యూసుఫ్ సూరా 5వ ఆయతు చదవండి. ఆయన దాచమన్నది పరాయివారి నుండి కాదు, ఒకే కప్పు క్రింద నివసించే సోదరుల నుండి! అసూయ చాలాసార్లు పొరుగూరి నుండి రాదు, మన ఇంటి గడపలోనే పుడుతుంది. అన్నదమ్ముల బిడ్డల మధ్య, తోడికోడళ్ల మధ్య, ఒకే బెంచీపై కూర్చున్న స్నేహితుల మధ్య పుడుతుంది.

తాత చెప్పారు, మనుమడు దాచమన్నారు. ఇందులో వైరుధ్యం లేదు. ఇబ్రాహీం (అ) మాట్లాడినది దాత అయిన ప్రభువుతో. యూసుఫ్ (అ) చెప్పబోయినది, విని తట్టుకోలేని మనస్సులతో. కాబట్టి నోరు తెరిచే ముందు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాటలో ముందు ఎవరి పేరు వస్తున్నది? దీనిని వింటున్నవారు ఎవరు?

మొదటి ప్రశ్నను చూద్దాము. కహఫ్ సూరాలో రెండు తోటల యజమాని వృత్తాంతం ఉన్నది. అతడు తన తోటి మనిషితో సంపదలోనూ జనబలంలోనూ తానే మిన్న అని చెప్పుకున్నాడు. దానికి ఆ విశ్వాసి, తోటలో అడుగుపెట్టినప్పుడు మాషా అల్లాహ్ అని, శక్తి అంతా అల్లాహ్‌దేనని అని ఉండవలసిందని నచ్చజెప్పాడు. సంపదలోనూ సంతానంలోనూ తాను అతనికంటే తక్కువే అయినా అల్లాహ్ కరుణపై ఆశ వదులుకోలేదు. చివరికి ఆ తోట ఏమయిందో మీకు తెలుసు. నేడు మన వాట్సాప్ స్టేటస్‌లలో మాషా అల్లాహ్ అనే పదం కొరత లేకుండా కనబడుతున్నది. మార్కుల జాబితా ఫొటో పెట్టి, క్రింద ఆ పదం వ్రాస్తున్నాము. ఆ పదం మంచిదే. కాని మన హృదయం ఆ క్షణంలో అల్లాహ్‌ను తలచుకున్నదా, లేక ఫలానా బంధువు ఈ స్టేటస్ చూశాడా లేదా అని పదే పదే ఫోను తెరిచి చూసుకున్నదా? ఈ పరీక్షకు జవాబు ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఐహిక జీవితం ఆట, వినోదం, అలంకారం, ఒకరిపై ఒకరు గొప్పలు చెప్పుకోవడం, సంపదలోనూ సంతానంలోనూ ఒకరిని మించాలని ఒకరు పోటీపడటం అని హదీద్ సూరా 20వ ఆయతు వర్ణిస్తున్నది. సంతానం పేరు ఆ పట్టికలో ఉన్నదని మరువకండి. మదరసాలో చదువుకున్న మేమూ ఈ రోగానికి అతీతులము కాము. హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లవాడికి దస్తార్‌బందీ జరిపే జల్సాలో, ఇంత చిన్న వయస్సులో ఇన్ని నెలల్లో పూర్తిచేశాడని ప్రకటించేటప్పుడు మా గొంతు కూడా అవసరానికి మించి పెరుగుతుంది. ఖుర్ఆన్‌ను హృదయంలో నిలుపుకున్న బిడ్డను కూడా ర్యాంకుల లెక్కలోకి దించగల శక్తి ఈ వ్యాధికి ఉన్నది.

ఇక, దిష్టి తగులుతుందని అన్నీ దాచేవారున్నారు. దిష్టి సత్యమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. దానిని మనం కాదనలేము. కాని దానికి వారు చూపిన పరిష్కారం నిమ్మకాయలు, మిరపకాయలు, నల్ల దారాలు కాదు. హజ్రత్ సహల్ బిన్ హునైఫ్ (రజి) స్నానం చేస్తుండగా హజ్రత్ ఆమిర్ బిన్ రబీఆ (రజి) చూసి వారి మేని ఛాయను మెచ్చుకున్నారు. అంతలోనే సహల్ (రజి) కుప్పకూలిపోయారు. సంగతి విన్న ప్రవక్త (స), మీలో ఒకరు తన సోదరుడిని ఎందుకు చంపుకుంటారని మందలించి, నచ్చినది కంటబడినప్పుడు శుభం కలగాలని దుఆ చేయవలసిందని బోధించారు. ముఅత్తా ఇమామ్ మాలిక్‌లోనూ, ఇబ్నె మాజాలోనూ ఈ ఉల్లేఖనం ఉన్నది. ఇందులో మందలింపు చూసినవారికే గాని, చూడబడినవారికి కాదు. కనుక ఎదుటివారి బిడ్డ విజయం విన్నప్పుడు బారకల్లాహ్ అని మనసారా అనడం మన విధి. ప్రవక్త (స) హసన్, హుసైన్ (రజి)లను అల్లాహ్ రక్షణలో అప్పగిస్తూ దుఆ చేసేవారు, ఇబ్రాహీం (అ) కూడా ఇస్మాయీల్, ఇస్‌హాఖ్‌ల కోసం ఇలాగే వేడుకునేవారని సెలవిచ్చారు. ఆ దుఆ నేర్చుకోండి. అది ఉండగా మరే దారమూ అవసరం లేదు. భయంతో బిడ్డ పాసయినా తప్పాడని అబద్ధం చెప్పడం మాత్రం ఎంతమాత్రమూ తగదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న: వింటున్నవారు ఎవరు? ఇక్కడ మా సొంత పొరపాటును మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్ని సంవత్సరాల క్రితం మేము ఇదే చోట నిలబడి తొమ్మిది మంది పిల్లల పేర్లు, మార్కులు మైకులో చదివాము. ప్రతి పేరుకూ మీరు మాషా అల్లాహ్ అన్నారు. మాకూ సంతోషం కలిగింది. ఆ రోజు వెనుక వరుసలో, స్తంభం ప్రక్కన ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. అతడు రెండు సబ్జెక్టులలో తప్పాడు. ఆ సంగతి మాకు తెలియదు. ఆ పిల్లవాడే ఆ చలికాలమంతా, ముఅజ్జిన్ గారు అనారోగ్యంతో ఉన్నప్పుడు, ఫజర్ అజాన్ ఇచ్చాడు. ఆ శుక్రవారం తరువాత అతడు మసీదుకు రావడం మానుకున్నాడు. ఊరు వెళ్లి ఉంటాడని అనుకున్నాము. నాలుగు నెలల తరువాత బస్టాండు దగ్గర ఒక పంక్చర్ల కొట్టులో కనబడ్డాడు. ఎందుకు రావడం లేదు నాయనా అని అడిగాము. చాలాసేపు తల వంచుకుని చివరికి, "హజ్రత్, ఆ రోజు మీరు పేర్లు చదువుతుంటే అందరూ నా వైపే చూస్తున్నట్లు అనిపించింది. ఇంకెలా రాను?" అన్నాడు.

సోదరులారా! తొమ్మిది మంది మార్కులు మేము ప్రకటించాము. చలిలో లేచి ఊరిని నమాజుకు పిలిచిన పిల్లవాడి పేరు మాత్రం ఒక్క శుక్రవారమైనా ప్రకటించలేదు. ఏది గొప్ప పని అని మసీదు నుండే మేము ఆ పిల్లవాడికి తప్పుగా బోధించినట్లయింది. అక్కడే అతని చేయి పట్టుకుని క్షమాపణ అడిగాము. అల్హందులిల్లాహ్, అతడు మెల్లగా తిరిగి వచ్చాడు. అతని అనుమతితోనే ఈ విషయం చెబుతున్నాము. కాని అతడు దూరమైన ఆ నెలల ఫజర్ నమాజుల లెక్కలో మా వాటా ఏమీ లేదని అల్లాహ్ ముందు చెప్పగలమా? అందుకే ఈ రోజు చీటీలు చదవడం లేదు.

ఇది చిన్న విషయమని ఎవరూ తలచకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మూల్యాంకనంలో పొరపాట్లు జరిగాయని అప్పుడు పెద్ద ఆందోళన చెలరేగింది. ఒక పిల్లవాడు అంత దూరం వెళ్లడానికి కారణాలు అనేకం ఉంటాయి, వాటన్నిటినీ ఒక్క మాటకు ముడిపెట్టలేము. కాని ఫలితాల నాడు వీధిలో ఏ మాటలు వినబడతాయో మనకు తెలుసు. పక్కింటి అమ్మాయిని చూసి బుద్ధి తెచ్చుకో అనే మాట మనలో ఎందరి ఇళ్లలో వినబడదు? ఒక బిడ్డ విజయాన్ని మరొక బిడ్డ తలపై బండగా పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు? మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని తప్పిన బిడ్డ ఉంటే ఆ రోజు వారిని ఒంటరిగా వదలకండి. దగ్గర కూర్చోండి, అన్నం తినిపించండి, మార్కుల మాట మరునాటికి వాయిదా వేయండి. బిడ్డ నిరాశ మాటలు పలుకుతుంటే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అది సిగ్గుపడవలసిన పని కాదు.

ఇంటి లోపల కూడా న్యాయం అవసరం. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని ప్రవక్త (స)ను కోరారు. మిగిలిన పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదని తెలియగానే, అల్లాహ్‌కు భయపడమనీ సంతానం మధ్య న్యాయం పాటించమనీ ఆదేశించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు. మెచ్చుకోలు కూడా ఒక కానుకే. వచ్చిన ప్రతి అతిథికీ పెద్దవాడి ర్యాంకు చెప్పి, చిన్నవాడిని మంచినీళ్లు తెమ్మని పంపే ఇంట్లో న్యాయం ఎక్కడ ఉన్నది? కొడుకు ఉద్యోగం సంగతి వీధంతా చెప్పి, కూతురి చదువు సంగతి గొంతు తగ్గించి చెప్పే అలవాటు కూడా మనలో ఉన్నది. ఆడపిల్ల పుట్టిందన్న వార్త విని ముఖం నల్లబడేవారిని నహ్ల్ సూరాలో అల్లాహ్ తప్పుపట్టాడు. ఆ పాత చీకటి ఈ రూపంలో మన ఇళ్లలో మిగిలి ఉండకూడదు.

అయితే మెచ్చుకోవడమే మానివేయాలా? ఎంతమాత్రమూ కాదు. ఒకసారి ప్రవక్త (స) సహచరుల సభలో ఒక ప్రశ్న వేశారు. ఆకులు రాలని ఒక చెట్టు ఉన్నది, అది విశ్వాసి వంటిది, ఏమిటది అని అడిగారు. అందరూ అడవి చెట్లను తలచుకున్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు అది ఖర్జూర వృక్షమని తోచింది. కాని పెద్దలు మౌనంగా ఉండటం చూసి, చిన్నవాడైన తాను బిడియపడి ఊరకుండిపోయారు. తరువాత తండ్రికి ఈ సంగతి చెప్పగా, నీవు ఆ జవాబు చెప్పి ఉంటే ఎంతో సంపద కంటే నాకు అదే ప్రియమయ్యేది అని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. అంతటి గంభీరుడైన ఉమర్ (రజి) తమ మెచ్చుకోలును ఎవరికి చెప్పారు? కొడుకుకే చెప్పారు. మన సంగతి అందుకు విరుద్ధం. బజారులో పదిమందికి చెబుతాము. ఇంటికి వచ్చి, ఆ పది మార్కులు ఎందుకు తగ్గాయని బిడ్డను నిలదీస్తాము. నాన్న నన్ను చూసి సంతోషించాడని బిడ్డకు ఇతరుల నోటి ద్వారా తెలియవలసిన దుస్థితి ఎంతమంది పిల్లలది!

బహిరంగంగా మెచ్చుకోవడానికి కూడా ఆదర్శం ఉన్నది. దైవప్రవక్త (స) మింబరుపై హజ్రత్ హసన్ (రజి)ను తమ ప్రక్కన ఉంచుకుని, ఈ నా కుమారుడు నాయకుడు, ఇతని ద్వారా అల్లాహ్ ముస్లింలలోని రెండు గొప్ప వర్గాల మధ్య సయోధ్య కలిగించవచ్చునని సెలవిచ్చారు. ఇది బుఖారీలోని ఉల్లేఖనం. హిజ్రీ 41లో హసన్ (రజి) ఖిలాఫత్‌ను వదులుకుని సంధి చేసుకున్నప్పుడు ఆ మాట నెరవేరింది. మనుమడిని గురించి మింబరు మీద చెప్పబడిన ఆ మాటలో పోలిక లేదు, ఇతరులను తక్కువ చేయడం లేదు. జనానికి జరగబోయే మేలు ఉన్నది. ఆ మాట ఆ బాలుని భుజాలపై ఒక బాధ్యతను ఉంచింది.

ప్రియ సోదరులారా! ఈ మాటల సారాన్ని ఆచరణలోకి తెచ్చుకుందాము. బిడ్డ ఏదైనా సాధిస్తే మొదట రెండు రకాతుల నమాజు చేసి అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపండి. తరువాత బిడ్డను దగ్గరకు తీసుకుని, ఆ సంతోషాన్ని బిడ్డకే చెప్పండి. చదువు చెప్పిన గురువులకు చెప్పండి, దుఆ చేసే తాతయ్యలకు, నానమ్మలకు చెప్పండి. అడిగినవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పండి, పెంచి చెప్పవద్దు, దాచి అబద్ధమాడవద్దు. వినేవారి ఇంట్లో తప్పిన బిడ్డ ఉన్నాడేమో తెలుసుకుని, ఉంటే ముందు ఆ బిడ్డ క్షేమం అడగండి. ఫ్లెక్సీకి ఖర్చు చేయదలచిన సొమ్మును ఒక పేద విద్యార్థి పుస్తకాలకు ఇవ్వండి. ప్రభువు అనుగ్రహాన్ని వెల్లడించమని జుహా సూరాలో ఆదేశం ఉన్నది. దానికి ముందు ఆయతులలోనే అనాథను అణచవద్దనీ, అడిగినవాడిని కసురుకోవద్దనీ ఉన్నది. ఆ వరుసను గమనించండి.

చీటీల విషయంలో కమిటీ పెద్దలతో సంప్రదించి ఒక నిర్ణయం తీసుకున్నాము. ఇకపై ఏ బిడ్డ మార్కులూ ఇక్కడ చదవబడవు. రేపు మగ్రిబ్ తరువాత మన మహల్లాలో పరీక్షలు వ్రాసిన పిల్లలందరినీ, ఉత్తీర్ణులైనవారిని, కానివారిని, ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోబెడతాము. ఆడపిల్లలకు తెర అవతల ఏర్పాటు ఉంటుంది. సప్లిమెంటరీ పరీక్షలు వ్రాయబోయే పిల్లలకు అసర్ తరువాత చదువు చెప్పడానికి ఎవరెవరు రాగలరో, ఆ పేర్లు ఇవ్వండి. చీటీలు ఇవ్వదలచినవారు అవి ఇవ్వండి, సంతోషంగా చదువుతాము.

మనిషి మరణించగానే అతని కర్మలు ఆగిపోతాయి, మూడు మాత్రం మిగులుతాయని ప్రవక్త (స) బోధించారు: కొనసాగే దానం, ప్రయోజనం కలిగించే జ్ఞానం, తన కోసం దుఆ చేసే సద్వర్తనుడైన సంతానం. మన జనాజా లేచిన నాడు మన బిడ్డ ర్యాంకును ఎవరూ అడగరు. ఆ బిడ్డ మన కోసం చేతులెత్తుతాడా లేదా అన్నదే ఆ రోజు మనకు పనికివచ్చే విషయం. అలా చేతులెత్తే హృదయాన్ని పెంచడంలో మన మాటలకు వాటా ఉన్నది.

ఓ అల్లాహ్! మా జీవిత భాగస్వాములను, మా సంతానాన్ని మా కన్నులకు చలువగా చేయి. గెలిచిన బిడ్డలకు వినయాన్ని, ఓడిన బిడ్డలకు ధైర్యాన్ని ప్రసాదించు. ఆ పదకొండు మంది బిడ్డల విద్యలో శుభం కలిగించు. పేర్లు ఎవరూ వ్రాసి ఇవ్వని బిడ్డలను నీ కరుణలోకి తీసుకో. మా నాలుకలను గర్వం నుండి, మా హృదయాలను అసూయ నుండి కాపాడు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.